చలి ఎవరికి?

గుర్రాలకు చలేస్తుందని కొట్టం తలుపులు మూశాను. అందుకు తిట్లు తిన్నాను. ఏడాది గడిచినా అవి అరగలేదు కాబట్టి, సంక్రాంతికి గుంటూరు వచ్చి బ్రాడీపేటలో మా డాబా మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

కెనడాలో సస్కటూన్‌కు గంటన్నర దూరంలో ఒక గుర్రాల ఫారంలో పని చేస్తున్నాను. చదివింది వేరు, చేస్తున్నది వేరు. ఆ కథ ఇప్పుడు వద్దు. గుర్రాలు 14. యజమానురాలికి 70 దాటాయి.

నిరుడు జనవరిలో ఒక రాత్రి మైనస్ 38 డిగ్రీలకు పడిపోయింది. కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. లోపలికి పీల్చిన గాలి ముక్కులో గుచ్చుకుంటోంది. నాకే ఇలా ఉంటే ఆ మూగజీవాల గతి ఏమిటనిపించింది. కొట్టానికి రెండు వైపులా ఉన్న పెద్ద తలుపులు బిగించి, చూరు కింద గాలి పోయే సందుల్లో సంచులు కుక్కాను. మా కొల్లిపరలో గేదెలకు చేసేదే కదా అనుకుని, పుణ్యం చేసినవాడిలా వెళ్లి పడుకున్నాను.

తెల్లవారి లోపలికి వెళ్లగానే కళ్లు మండాయి. మూత్రం ఘాటు. రాత్రంతా గుర్రాలు వదిలిన ఊపిరి రేకులకు ఆవిరిగా పట్టి, వాటి వీపుల మీదే చుక్కలు చుక్కలుగా కారుతోంది. రెండు గుర్రాలు దగ్గుతున్నాయి. పెద్దావిడ వచ్చి ముందు తలుపులు రెండూ బార్లా తెరిచింది. తరవాత నా వైపు తిరిగింది. "చలి నీకా, వాటికా? నీకైతే ఇంకో కోటు వేసుకో. వాటిని ఊపిరి పీల్చుకోనివ్వు."

అంతటితో ఊరుకుందా? రాత్రంతా బయటే నిలబడిన ఒక ఎర్ర గుర్రం దగ్గరికి తీసుకెళ్లింది. దాని వీపు మీద బెత్తెడు మంచు, ఏమాత్రం కరగకుండా ఉంది. గ్లవుజు తీసి చెయ్యి పెట్టమంది. పైన మంచు, దాని కింద గడ్డకట్టిన వెంట్రుకల కొనలు, ఇంకా లోపలికి వేళ్లు పోనిస్తే అప్పుడే దించిన అన్నం గిన్నెను తాకినంత వెచ్చన. వేడి బయటికి రావడం లేదు కాబట్టే మంచు కరగలేదట. బొచ్చు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతుంది. అది పొడిగా ఉన్నంతవరకే ఈ వైభవం. తడిసి అణిగిందంటే ఎందుకూ పనికిరాదు. నేను సరిగ్గా ఆ పనే చేశాను.

వాటికి అసలు కుంపటి గడ్డి. 500 కిలోల గుర్రం మామూలుగా రోజుకు 10 కిలోల ఎండుగడ్డి తింటుంది. ఇంత చలిలో ఇంకా ఎక్కువ వెయ్యాలి. ఆ పీచు పెద్దపేగులో పులిసేటప్పుడు పుట్టే వేడే ఒంటిని కాస్తుంది. నీళ్ల సంగతి మరీ ముఖ్యం. చల్లటి నీళ్లయితే సరిగ్గా తాగవు. తాగకపోతే తిన్న గడ్డి పేగులో గట్టిపడి కడుపునొప్పి రావచ్చు, దానితో ప్రాణాలే పోవచ్చు. అందుకే తొట్టిలో హీటరు. అది పనిచేస్తోందో లేదో చూడటానికే నేను రాత్రిపూట లేస్తాను.

తప్పు చేశానని నాకు బాధ లేదు. "చలి నీకా, వాటికా?" అన్న ఆ ప్రశ్నే పట్టుకుని పీడిస్తోంది. మనకు ప్రేమంటే కప్పడమే. 18 డిగ్రీలు పడితే చాలు, మా అమ్మ కిటికీలన్నీ మూసి అందరి చెవులకూ గుడ్డలు చుడుతుంది. ఎవరికి చలేస్తోందో అడగదు. పెద్దావిడ అన్నది నన్ను కాదు, మా అమ్మనే అన్నట్టు తోచింది. అదీగాక ఆవిడకు రగ్గులు లేవా? 28 ఏళ్ల ముసలి ఆడగుర్రానికి కప్పుతుంది. మిగతా వాటికి కప్పితే బొచ్చు అణిగిపోతుందంటుంది. ఒప్పుకున్నాను. అయినా గేదె సంగతి వేరు కదా, దానికి అంత బొచ్చు ఎక్కడిది, మేమేమీ తెలివితక్కువవాళ్లం కాదు అని ఏడాదిగా మనసులో వాదించుకుంటూనే ఉన్నాను.

ఈ గోడంతా మొన్న కనుమ రోజు కొల్లిపర నుంచి వచ్చిన బాబాయికి చెప్పుకున్నాను. నా పక్షానే ఉంటాడనుకున్నాను.

"సందులన్నీ మూశావా?" అన్నాడు గారె తుంచుతూ. "మన కొట్టానికి నాలుగు గోడలు ఎప్పుడు చూశావురా నువ్వు?"

నిజమే. గాలి వచ్చే వైపు మాత్రమే గోనెపట్టాలు కట్టేవాళ్లు. మిగతా మూడు వైపులా బయలే.

"పశువుకు కడుపు నిండితే చలి లేదు. ఆవిడ తెలిసిన మనిషి" అని తీర్పు చెప్పేశాడు.

నిన్న రాత్రి ఆవిడే ఫోనులో ఒక ఫొటో పంపింది. అదే ఎర్ర గుర్రం, వీపు నిండా మంచు. అమ్మకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"అయ్యో పాపం, ఆ బిడ్డకు ఏదైనా కప్పకూడదటరా?"

బాబాయి పక్కనే ఉన్నాడు. అయినా, తిరిగి వెళ్లగానే కప్పుతానమ్మా అన్నాను.