కోడిపిల్లలు రాకముందే వెలిగించిన బల్బు

నాలుగేళ్ల కిందట ఒక జాతరలో మా పాప గులాబీ రంగు పూసిన కోడిపిల్లను కొనిపించుకుంది. ఇరవై రూపాయలు. అట్టపెట్టెలో పాత చీర ముక్క పరిచి, గిన్నెలో నీళ్లు, పక్కన గుప్పెడు బియ్యం పోసి వంటింట్లో ఓ మూలన పెట్టాం. మొదటి రోజంతా అది అరుస్తూనే ఉంది. "అమ్మ కోసం ఏడుస్తోంది" అంది పాప. అలవాటవుతుందిలే అన్నాను నేను. మూడో రోజు పొద్దున చూస్తే చీర మడతలోకి తల దూర్చుకుని చచ్చిపోయి ఉంది. పాపకు అప్పుడు ఐదేళ్లు. జామచెట్టు కింద పాతిపెట్టి పైన ఒక రాయి పెట్టింది. ఆ రాయి ఇప్పటికీ అక్కడే ఉంది.

అది తిండి తినక చచ్చిపోయిందనే చాలాకాలం అనుకున్నాను. కోళ్లు పెంచుదామని నిజంగా తయారవుతున్నప్పుడు మా మండల పశువైద్యశాలలో డాక్టరు గారికి ఈ సంగతి చెబితే, సగంలోనే అందుకుని "చలికమ్మా" అన్నారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఒంటి మీద ఉండేది నూగే, ఈకలు కావు. తన ఒంటి వేడిని తనే కాపాడుకోవడం దానికి ఇంకా రాదు. మొదటి వారం దాని చుట్టూ దాదాపు 35 డిగ్రీలు ఉండాలి. ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. తిండి ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు, ఎందుకంటే పుట్టబోయే ముందు మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కునే పిల్ల బయటికొస్తుంది. రెండు రోజుల దాకా అదే దాని సద్దిమూట. హ్యాచరీ వాళ్లు, అంటే యంత్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మేవాళ్లు, అట్టపెట్టెల్లో పిల్లల్ని అంతంత దూరాలు పంపగలిగేది అందుకే. వేడి మాత్రం ఒక్క రాత్రి తప్పినా చాలు, ప్రాణం పోతుంది. పాప ఏడుపనుకున్నది చలికి అరిచిన అరుపన్నమాట. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు మామూలుగా ఉండలేకపోయాను.

మాది చేవెళ్ల దగ్గర ఊరు. ఇంటి వెనక రెండు గుంటల జాగా ఉంది. అసలు 2025 ఫిబ్రవరిలోనే పిల్లల్ని తెద్దామనుకున్నాం. సరిగ్గా అప్పుడే గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, మా ఆయన వద్దంటే వద్దన్నారు. ఆయన మాటే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటాను. తొందరపడి తెచ్చి ఉంటే ఆ వేడి సంగతి కూడా తెలియకుండానే తెచ్చేదాన్ని. నవంబరు దాకా ఆగాం.

ఏ కోళ్లు అన్నదాని మీద ఇంట్లో వారం రోజులు మాటలు నడిచాయి. మా అత్తమ్మకు నాటుకోళ్లు తప్ప మరోటి కోడి కాదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ మా వైపు చాలామంది పెంచుతారు. అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయానిదే రాజశ్రీ. వనరాజా బరువు బాగా వస్తుంది, మాంసానికీ గుడ్లకూ రెండిటికీ పెంచుకుంటారు. గ్రామప్రియ తేలిక, ప్రధానంగా గుడ్ల కోసం. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే గ్రామప్రియ నూటయాభై పైనే పెడుతుంది. మాకు కావలసింది గుడ్లు, పెరట్లో తిరిగే ప్రాణాలు. అందుకే గ్రామప్రియ అనుకున్నాం. ఒక్కటే చిక్కు: ఈ రకాలు దాదాపుగా పొదగవు. తల్లి ఉండదు, మనమే తల్లి.

అత్తమ్మ తన దారి తను చెప్పింది. "పొదుగు మీదున్న నాటు పెట్టను తెస్తే అయిపాయె. రాత్రిపూట ఒక్కొక్క పిల్లను దాని కిందకు మెల్లగ తోస్తే పొద్దుగాల లేశి నా పిల్లలే అనుకుంటది." ఇది మంచి పద్ధతే, ఊళ్లల్లో అందరికీ తెలిసిందే. కానీ మాకు సమయానికి పొదుగు పెట్ట ఎవరి దగ్గరా దొరకలేదు. "మరి కోడి రెక్కల కింద పెట్టుకుంటది. నువ్వేం పెడతవ్ బిడ్డా?" అని అడిగింది. ఆ తర్వాత మూడు వారాలు నేను చేసిన పనంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఇంట్లో వాడని గది ఒకటి ఉంటే కడిగి, సున్నం వేయించి, నాలుగు రోజులు ఆరబెట్టాను. హార్డ్‌వేర్ షాపులో అడుగున్నర ఎత్తు, పదడుగుల పొడవు పలుచటి రేకు కొని గుండ్రంగా చుట్టి కట్టాం. లోపల మూడడుగుల వెడల్పు వచ్చింది. పెట్టె వద్దు, గుండ్రంగానే ఉండాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. చలేసినా భయమేసినా పిల్లలు మూలకు పరిగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కిందివి ఊపిరాడక చచ్చిపోతాయి. గుండ్రంలో మూలే ఉండదు. రైసుమిల్లు నుంచి బస్తా ఊక తెచ్చి రెండు రోజులు ఎండబెట్టి మూడంగుళాల మందం పరిచాను. మొదటి మూడు రోజులు పిల్లలకు ఊకకూ దాణాకూ తేడా తెలియదట, అందుకని పైన అట్ట పరచాలి. నున్నటి కాగితం మీద కాళ్లు పక్కలకు జారిపోయి చాచుకుపోతాయి కాబట్టి అట్టపెట్టెల పైపొర ఒలిచి, ముడతలున్న వైపు పైకి పెట్టి పరిచాం. ఆ ఒలిచే పని మొత్తం పాపే చేసింది, రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక బల్బు. ఎల్‌ఈడీ బల్బు వేలాడదీసి గంటసేపు చూశాను. థర్మామీటరు ముల్లు కదలనైనా కదల్లేదు. వెలుగు మాత్రం గదంతా నిండింది. చెయ్యి పెడితే తెలిసింది, దానికి వేడే లేదు. కావలసింది పాత గుండు బల్బు. చేవెళ్లలో మూడు షాపులు తిరిగాను. "అక్కా, ఇప్పుడవి ఎవరు కొంటున్నరు?" అన్నాడు రెండో షాపతను. మూడో చోట పైఅరలో దుమ్ము పట్టిన డబ్బాలోంచి అరవై వాట్లవి నాలుగు తీసిచ్చారు. రెండు వెలిగించడానికి, రెండు అట్టిపెట్టడానికి. ఒకటే పెద్ద బల్బు పెడితే అది మాడిపోయిన రాత్రి పిల్లలకు దిక్కుండదు. రెండుంటే ఒకటి పోయినా తెల్లారేదాకా రెండోది కాస్తుంది. ఇంకో జాగ్రత్త: బల్బును దాని కరెంటు వైరుతోనే వేలాడదీయొద్దు. వైరు జారి బల్బు ఎండు ఊక మీద పడితే ఇల్లే అంటుకుంటుంది. నేను గొలుసుతో పైకప్పు కొక్కేనికి కట్టి, బల్బు చుట్టూ జాలీ బిగించాను.

పిల్లలు రావడానికి రెండు రోజుల ముందు, ఖాళీ గుండ్రంలోనే రాత్రంతా బల్బులు వెలిగించి చూశాం. నేను చేసిన పనులన్నింట్లో ఇదే మంచి పని. థర్మామీటరును గోడకు కాకుండా అట్టకు రెండంగుళాల ఎత్తున, పిల్ల వీపు ఉండే చోట కట్టాను. మనం నిలబడ్డ ఎత్తులో వేడెంతుందన్నది వాటికి సంబంధం లేదు. రాత్రి పదింటికి 33 ఉంది, బాగుందనుకుని పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూస్తే 27! కిటికీ రెక్క సందులోంచి చలిగాలి సన్నగా దూరుతోంది. ఆ రాత్రే పిల్లలు వచ్చి ఉంటే! కిటికీ సందులో గుడ్డ కుక్కి, బల్బులను అడుగు ఎత్తుకు దించి, గుండ్రం మీద సగం దాకా గోనెసంచి కప్పాను. మర్నాడు రాత్రి నాలుగింటికి 34. అత్తమ్మ థర్మామీటరు వైపు చూడనేలేదు. వంగి, అట్ట మీద అరచెయ్యి వెనకభాగం ఆనించి కాసేపు ఉంచి, "ఇగ మంచిగుంది" అంది.

కరెంటు పోతే ఏం చేయాలన్నది ముందే అనుకోవాలి. కుంపటి పెడదామని అత్తమ్మ అంది. మా వైపు రైతులు కుండల్లో బొగ్గులు పెట్టి పిల్లల్ని కాస్తారు నిజమే, కానీ వాళ్ల షెడ్లకు గాలి ఆడుతుంది. తలుపులు మూసిన చిన్నగదిలో బొగ్గుల పొగ పిల్లలకే కాదు, లోపల కూర్చునే మనకూ ప్రాణాంతకం. అందుకని మూతగట్టి స్టీలు సీసాలు ఆరు, పాత తువ్వాళ్లు ఆరు గది బయటే పెట్టుకున్నాను. వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టి లోపల పెడితే గంటన్నర కాస్తాయి.

దాణా దగ్గర ఒక్క మాట. షాపులో అడగగానే బ్రాయిలర్ దాణా చేతికిస్తారు. అది నలభై రోజుల్లో బరువు పెరగాల్సిన కోళ్లది. గుడ్ల కోళ్ల పిల్లలకు వేరే స్టార్టర్ దాణా ఉంటుంది, అడిగి తీసుకోవాలి. మొదటి రోజుకు మొక్కజొన్న రవ్వ. నీళ్ల డబ్బా పళ్లెంలో కడిగిన గులకరాళ్లు వేశాను, పిల్ల అందులోకి దిగి తడిస్తే మళ్లీ చలే.

టీకాలే నాకు అంతుబట్టని విషయంగా ఉండేది. కాళ్లు, రెక్కలు పడిపోయే మారెక్స్ జబ్బుకు టీకా పుట్టిన రోజే హ్యాచరీలో వేస్తారు, వేశారో లేదో అడిగి తెచ్చుకోవాలి. కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా ఏడో రోజు, కంట్లో ఒక చుక్క. పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గంబోరో జబ్బుకు పద్నాలుగో రోజు. మళ్లీ లసోటా ఇరవై ఎనిమిదికి. ఆరో వారం మశూచి టీకా, ఎనిమిదో వారం దాటాక కొక్కెర తెగులుకే రెక్క కింద సూది. తేదీలన్నీ వంటింటి క్యాలెండర్‌లో పాప ఎర్ర స్కెచ్‌తో రాసింది. అసలు ఇబ్బంది వేరే: లసోటా సీసా వంద మోతాదులు పైగా ఉంటుంది. ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడెయ్యాలి, ఐసులోనే ఉంచాలి. మావి పన్నెండు. మిగిలిందంతా పారబొయ్యాలా? డాక్టరు గారే దారి చెప్పారు. మా వాడలో కోళ్లున్న ఆరిళ్లకు వెళ్లి ఏడో రోజు పొద్దున్నే మీ కోళ్లకూ వేయించుకోండని చెప్పొచ్చాను. మొదట ఒకరిద్దరు "నాటుకోళ్లకు టీకాలేంది" అన్నారు. ప్రతి ఎండాకాలం గూళ్లకు గూళ్లు ఖాళీ అయ్యేది ఆ కొక్కెర తెగులుతోనే అని గుర్తుచేస్తే సరేనన్నారు.

ఎదిగాక ఉండే గూడు పిల్లలు రాకముందే కట్టించాం. తర్వాత చూద్దామంటే ఆరు వారాలు కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతాయి. ఆరడుగులు, నాలుగడుగులు, నేల నుంచి రెండడుగుల ఎత్తు. షట్కోణాల కోళ్ల జాలి కోడిని ఆపుతుంది గానీ ముంగిస పంజాను ఆపదు. అందుకే అరంగుళం గళ్ల వెల్డింగ్ జాలి కొట్టించి, చుట్టూ అడుగు లోతు పాతించాం, పందికొక్కుల కోసం. లోపలికి వెళ్లడానికి విడిగా ఒక జత చెప్పులు గుమ్మం దగ్గర పెట్టాం. బయట తిరిగిన చెప్పులతో లోపలికి రావద్దన్నది ఇంట్లో అందరికీ నియమం, చుట్టాలకు కూడా.

పిల్లల్ని తేవడానికి నేను, పాప వెళ్లాం. ఏసీ వేయకుండా, కిటికీ ఒక వేలు సందు తెరిచి కారు నడిపాను. బొక్కలున్న అట్టపెట్టె పాప ఒళ్లో. దారంతా దాని మీద చెవి ఆనించి వింటూనే ఉంది. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ బల్బులు వెలిగించి, నీళ్లలో కాస్త బెల్లం కలిపి ఉంచింది. ఒక్కో పిల్లను చేతిలోకి తీసుకుని ముక్కు కొన నీళ్లలో ముంచి వదిలాం. మొదటిది ముక్కు ఎత్తి, కళ్లు మూసుకుని, గొంతు ఆడించి మింగింది. అది చూసి మిగతావి తమంతట తామే డబ్బా దగ్గరకు వచ్చాయి. ఎలా ఉన్నాయో వాటిని చూస్తేనే తెలుస్తుందని డాక్టరు గారు చెప్పారు: బల్బు కింద గుంపుగా ముద్దైతే చలి, రేకు అంచుకు పోయి నోళ్లు తెరిస్తే వేడి, గుండ్రమంతా చెదిరి తిరుగుతుంటే బాగున్నట్టు. మావి చెదిరి తిరుగుతున్నాయి. ఒకటి అట్ట మీదే బోర్లా పడిపోయి రెక్కలు చాపి నిద్రపోయింది. పాప హడలిపోయింది. వేలితో తాకగానే లేచి మళ్లీ నడిచింది.

రెండో రాత్రి మూడింటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే మెలకువ వచ్చింది, పరిగెత్తాను. అత్తమ్మ అప్పటికే గ్యాసు మీద నీళ్లు పెట్టి ఉంది. సెల్‌ఫోన్ వెలుగులో సీసాలు నింపి, తువ్వాళ్లు చుట్టి, మూడు లోపల పెట్టి, గోనె ఇంకాస్త ముందుకు లాగాను, గాలికి కొంచెం సందు వదిలి. ముందు అరుపులు పెద్దవయ్యాయి. నాలుగేళ్ల కిందట విన్న అరుపే. నా చేతులు వణికాయి. తర్వాత ఒక్కొక్కటే సీసాను కనుక్కుని, తువ్వాలుకు కడుపు ఆనించి కూర్చున్నాయి. అరుపు తగ్గి సన్నటి కిచకిచలయ్యాయి, అవీ ఆగాయి. నీళ్లు చల్లారకుండా రెండుసార్లు సీసాలు మార్చాం. ఐదున్నరకు బల్బులు వెలిగాయి. పాప కళ్లు నులుముకుంటూ వచ్చి రేకు మీదుగా వంగి లెక్కపెట్టింది. పన్నెండు. క్యాలెండర్ దగ్గరకు వెళ్లి ఆ రోజు గడిలో ఒక టిక్కు పెట్టి, ఏడో రోజుకు ఇంకా ఎన్ని గళ్లున్నాయో వేలితో చూసుకుంది.