చింతపండు గింజలూ, ఆరు వారాల నిద్ర లెక్కలూ

రెండేళ్లుగా నాకు నిద్ర సరిగ్గా లేదు. పర్లాకిమిడిలో మాది జిరాక్సు షాపు. తొమ్మిదిన్నరకే పక్క ఎక్కడం, అర్ధరాత్రి దాకా దొర్లడం, మూడింటికి మళ్లీ మెలకువ. వేడిపాలు, గసగసాలు, అరికాళ్లకి నూనె అన్నీ అయ్యాయి. పక్కింటి ఒడియా మావుసి (పిన్ని) మాట విని పఖాళ, అంటే నీళ్లలో పులిసిన అన్నం, తిన్నాను. రాత్రి సంగతేమో గానీ మధ్యాహ్నం కుర్చీలోనే పడగొట్టింది. మాత్రలు వద్దనుకున్నాను. నిద్ర మీద పరిశోధన చేసిన ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో రాసిన పద్ధతి పట్టుకున్నాను: ఎంతసేపు నిద్రపోతున్నామో అంతసేపే మంచం మీద ఉండాలి.

మొదటి వారం. ఏమీ మార్చలేదు, రాసుకున్నానంతే. నోటుబుక్కులో ఐదు గడులు: పక్క ఎక్కినది, నిద్ర పట్టినది, మధ్యలో మెలకువ, లేచినది, పగటి కునుకు. రాత్రి టైము చూడకూడదు, పొద్దున్నే ఉజ్జాయింపుగా రాయాలి. గోడ గడియారం దించి బీరువాలో పెడితే అక్కణ్ణించీ టిక్కుటిక్కుమంది, బ్యాటరీ పీకేశాను. సగటున మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర ఐదుంపావు. అంటే 62 శాతం. ఐదో గడి మాత్రం సిగ్గు తీసింది. షట్టరు సగం దించి రోజూ గంటసేపు కునుకు తీస్తున్నానని నాకే తెలీదు!

రెండో వారం. పన్నెండు నుంచి ఐదున్నర, అంతే. ఆదివారమైనా అంతే, కునుకు బంద్. (ఎంత తగ్గించినా ఐదు గంటల కిందికి దిగకూడదు.) సాయంత్రం ఐదింటి టీ కూడా మానేశాను, అందులో కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండింటికి నిలబడే తూలిపోయేవాణ్ణి. స్కూటీ తాళం చెల్లికిచ్చేసి షాపుకి నడిచాను. ఈ నిద్రమత్తులో బండి నడపడం ప్రమాదం. మూర్ఛ, బైపోలార్ (మూడ్ విపరీతంగా మారే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా దీని జోలికి పోవద్దు. గురక మధ్యలో ఊపిరి ఆగేవాళ్లూ ముందు అది చూపించుకోవాలి.

ఇంకో నియమం సైకాలజిస్టు రిచర్డ్ బూట్జిన్‌ది, 1972 నాటిది. ఇరవై నిమిషాలు అయిందనిపిస్తే మంచం దిగిపోవాలి, కళ్లు మూతలు పడితేనే మళ్లీ ఎక్కాలి. దిగి ఏం చెయ్యాలన్నదే చిక్కు. పుస్తకం పడితే కథ వదలదు. అరుగు మీద కూర్చుంటే దోమలు. చివరికి కొండ మీంచి సవర గిరిజనులు తెచ్చి సంతలో అమ్మే చింతపండు దొరికింది. అమ్మ ఐదు కిలోలు కొని మూల పెట్టింది. జీరో బల్బు వెలుతుర్లో ఈనె లాగడం, పెంకు ఊదడం, గింజ నొక్కి తీయడం. వేళ్లకి జిగురు పట్టేస్తుంది కాబట్టి ఫోను ముట్టుకోలేం, అదే దీని గొప్ప. ఒకరోజు అమ్మ నీళ్లకి లేచి ఉలిక్కిపడింది. "ఏట్రా, దెయ్యంలాగ కూకున్నావ్!"

ఆ వారం నిద్ర నాలుగున్నర గంటలు, 82 శాతం. తక్కువే పడుకున్నా, దొర్లడం తగ్గింది.

మూడో వారం ఐదు గంటలు, 91. తొంభై, ఆపైన వస్తే పావుగంట కలపాలి, ఎనభై ఐదు లోపు పడితే తగ్గించాలి, మధ్యలో ఉంటే కదపకూడదు. (82 వచ్చిన వారం మాత్రం నేను తగ్గించలేదు.) పావుగంట ముందుకి జరిగి పదకొండూ ముప్పావుకి పడుకున్నాను. నాలుగో వారం తొంభై, ఇంకో పావుగంట.

ఐదో వారం టెక్కలిలో పెళ్లి. తెల్లవార్లూ మేలుకుని మర్నాడు పదింటిదాకా పడుకున్నాను. దాంతో నాలుగు రాత్రులు పోయాయి, వారం మొత్తం మీద 85. పెళ్లికి వెళ్లడం తప్పు కాదు, పొద్దున్న ఐదున్నరకి లేవకపోవడమే తప్పు. నా అనుభవంలో పడుకునే టైము కంటే లేచే టైమే గట్టిగా పట్టుకోవాలి.

ఆరో వారం ఆరు గంటల మంచంలో ఐదున్నర నిద్ర, 92. రేపట్నుంచి పదకొండుంపావు. మూడింటి మెలకువ ఇప్పటికీ వారానికి రెండుసార్లు వస్తోంది, కానీ మళ్లీ పట్టేస్తోంది.

చింతపండు రెండు కిలోలు అలాగే ఉండిపోయింది. "మిగతాది ఎప్పుడు తీస్తావురా?" అని అమ్మ రోజూ అడుగుతోంది.