రచయిత లేనిచోట నడవవలసిన ఆట

కొంతకాలంగా నేను తెలుగులో చిన్న చిన్న రోల్‌ప్లేయింగ్ గేములూ, పాఠకుడే దారి ఎంచుకుంటూ చదివే గేమ్‌బుక్కులూ రాస్తున్నాను. రాసినవాటిని పీడీఎఫ్‌లుగా, జిరాక్సు పుస్తకాలుగా పంచుతున్నాను. కథ రాసినవారు పాఠకుడి పక్కన లేకపోయినా కథకు లోటు రాదు. ఆట రాసినవారు ఆటగాళ్ల పక్కన లేనప్పుడు మాత్రం రాతలో మిగిలిపోయిన ప్రతి సందూ బయటపడుతుంది. ముఖపరిచయం లేని నలుగురు, నేనెన్నడూ చూడని ఊళ్లో, ఆ కాగితం తప్ప మరో ఆధారం లేకుండా ఒక సాయంత్రమంతా ఆడుకోగలగాలి. నియమాలు ఎలా రాయాలి, ఎలా పరీక్షించాలి, ఏ షరతులతో పంచాలి అన్న ప్రశ్నలన్నింటికీ నేను ఆ నలుగురిని మనసులో పెట్టుకునే జవాబు వెతుకుతాను.

ఈ ఆటలు తెలియనివారి కోసం కొంత వివరం. రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో సాధారణంగా ఒకరు గేమ్ మాస్టరుగా ఉండి కథాలోకాన్ని వర్ణిస్తారు, మిగిలినవారు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు, ఫలితం ఎటు పోతుందో తేలనిచోట పాచికలు వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చులోకి వచ్చింది. గేమ్ మాస్టర్ దొరకని ఒంటరి ఆటగాడి కోసం ఆ బాధ్యతను పుస్తకానికే అప్పగించే ప్రయత్నాలు 1976 నాటికే మొదలయ్యాయి. 1982లో బ్రిటన్‌లో స్టీవ్ జాక్సన్, ఇయన్ లివింగ్‌స్టన్ కలిసి రాసిన ‘ద వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్’ ఆ పద్ధతిని ఎందరో పిల్లలకు చేరువ చేసింది. అందులో అంకెలు వేసిన 400 ఖండికలు ఉంటాయి. ఒక పెన్సిలు, ఒక రబ్బరు, రెండు పాచికలు ఉంటే చాలు, పాఠకుడే వీరుడవుతాడు.

ఎంపిక, అదృష్టం అనే రెండింటినీ ఏ పాళ్లలో కలపాలన్నది ఆట రాసేవారికి ఎదురయ్యే తొలి ప్రశ్న. దాని గురించి ఆలోచించడానికి మన ఇళ్లలోని ఆటలే నాకు పాఠ్యగ్రంథాలయ్యాయి. వైకుంఠపాళిలో ఆటగాడు నిర్ణయించేది ఏమీ లేదు, పాచిక ఎంత చెబితే అంత. పులి మేక ఆటలో అదృష్టానికి చోటే లేదు, ప్రతి ఎత్తూ ఆడేవారిదే. అష్టాచెమ్మ ఈ రెండింటికీ మధ్య నిలుస్తుంది: గవ్వలు పందెం ఇస్తాయి, ఆ పందాన్ని ఏ కాయకు వాడాలో మనం తేల్చుకుంటాం. ఆటగాడి చేతికి ముందు పరిస్థితిని ఇచ్చి, తర్వాత నిర్ణయాన్ని అడిగే ఈ క్రమమే నాకు అన్నిటికన్నా సంతృప్తినిస్తుంది. నిర్ణయం తీసుకున్న తర్వాత పాచిక దాన్ని పూర్తిగా తుడిచిపెట్టే ఆటలో, ఆడేవారు కాసేపటికి ఆలోచించడం మానేస్తారు.

గేమ్‌బుక్‌లో అసలు కష్టం లెక్కల రూపంలో వస్తుంది. ప్రతి మలుపులోనూ రెండు దారులిచ్చి, ఏ దారీ మరో దారితో కలవకుండా రాసుకుపోతే, పది మలుపులు దాటేసరికి 1,024 ముగింపులు తేలతాయి. మొత్తం ఖండికలు 2,047 అవుతాయి, వాటిలో పాఠకుడు ఒకసారికి చదివేది పదకొండు మాత్రమే. అందుచేత చీలిన దారులను మళ్లీ ఒకచోట కలపక తప్పదు. అయితే ఊరికే కలిపేస్తే, ఎటు వెళ్లినా అక్కడికే చేరతామని పాఠకుడు రెండోసారి చదివినప్పుడే కనిపెడతాడు, ఆ క్షణం నుంచి మనం ఇచ్చే ఏ ఎంపికనూ నమ్మడు. దారులు కలిసినా వచ్చిన దారి గుర్తుండాలి. దానికి పుస్తకంలో తేలికైన ఉపాయాలున్నాయి. కొన్ని ఖండికల్లో పాఠకుడి చేత ఒక సంకేతపదం రాయించి, చాలా పేజీల తర్వాత “ఆ పదం నీ దగ్గర ఉంటే 212కి వెళ్లు” అని చెప్పవచ్చు. దొరికిన తాళంచెవి మీద 37 అని అంకె వేసి, తలుపు ఎదురైనప్పుడు ఉన్న ఖండిక సంఖ్యకు ఆ అంకె కలిపి అక్కడికి వెళ్లమనవచ్చు. తాళంచెవి లేనివారికి ఆ ఖండిక ఉన్నట్టే తెలియదు.

ఏటి దాటు దగ్గర పడవవాడికి డబ్బు ఎగ్గొట్టిన పాఠకుడూ, ఇచ్చిన పాఠకుడూ ఇద్దరూ అవతలి గట్టున ఒకే సత్రానికి చేరవచ్చు. కానీ వరద రాత్రి తిరిగి వచ్చేటప్పుడు ఆ పడవవాడే ఎదురైతే, ఒకరికి తాడు అందుతుంది, మరొకరికి అందదు. గేమ్‌బుక్‌లో నేను వెతికేది ఇటువంటి చోట్ల కోసమే. ఎడమా కుడా అని అడిగి, ఎడమవైపు వెళ్లినవారిని కారణం లేకుండా గోతిలో పడేయడం ఎంపిక అనిపించుకోదు. ఏదో ఒక సూచన ముందే కనిపించి, దాన్ని పట్టించుకున్నవారికీ పట్టించుకోనివారికీ తేడా దక్కినప్పుడే ఆ నిర్ణయం పాఠకుడి సొంతమవుతుంది.

ఖండికల పటం గీసుకోవడానికి నేను ట్వైన్ వాడతాను. క్రిస్ క్లైమస్ 2009లో విడుదల చేసిన ఈ ఉచిత సాధనంలో ఒక్కో ఖండిక ఒక్కో పెట్టెగా, దారులు బాణాలుగా కనిపిస్తాయి. తెగిపోయిన దారి కంటికి ఇట్టే ఆనుతుంది. పూర్తయిన కథ ఒకే ఎచ్‌టీఎమ్‌ఎల్ ఫైలుగా వస్తుంది కాబట్టి ఫోనులోనూ చదువుకోవచ్చు. కాగితం మీదికి తెచ్చేటప్పుడు మాత్రం ఖండికల క్రమాన్ని బాగా కలపాలి. వరుసగా చదవవలసిన రెండు ఖండికలు ఒకే పేజీలో పడితే కన్ను తనంతట తానే పక్కకు జారి, రాబోయేది ముందే చదివేస్తుంది.

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన ఆట సంగతి. తోలుబొమ్మలాట బృందం ఒక ఊళ్లో రాత్రంతా ప్రదర్శన ఇవ్వడమే దాని వస్తువు. నిమ్మలకుంట కళాకారుల బొమ్మలను చూసినప్పటి నుంచీ నన్ను వదలని ఆలోచన ఇది. ఆ ప్రదర్శనలో రామాయణ కథ ప్రేక్షకులందరికీ తెలిసినదే. లంకాదహనం రోజు లంక కాలక మానదు. కానీ మధ్యలో హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడూ బంగారక్కా తెరమీదికి వచ్చినప్పుడు ఏం మాట్లాడుకుంటారో, ఆ ఊరి సంగతులు ఏవి ఎత్తుకుంటారో ముందుగా ఎవరూ చెప్పలేరు. స్థిరమైన కథ, దాని నడుమ ఆశువుగా పుట్టే మాట అనే ఈ అమరిక, రోల్‌ప్లేయింగ్ గేమ్‌కు కావలసిన చట్రాన్ని తయారుగా అందిస్తోంది. ఆటగాళ్లు రాముడుగానో రావణుడుగానో నటించరు. బొమ్మ ఆడించేవారు, పాట పాడేవారు, మద్దెల వాయించేవారు, దీపం చూసుకునేవారు అవుతారు. తెర వెనుక వారి మధ్య ఉన్న అప్పులూ, అలకలూ, వయసు మీద పడుతున్న గురువు తర్వాత బొమ్మలు ఎవరికి దక్కాలన్న బెంగా తెల్లవారేలోగా ఒక కొలిక్కి రావాలి.

ఈ ఆటకు పాచికలకు బదులు నాలుగు గవ్వలు పెట్టాను. వెల్లకిలా పడినవాటిని లెక్కపెట్టాలి. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే, 16 వంతుల్లో ఆరు వంతులు రెండు పడతాయి, ఒకటీ మూడూ తలా నాలుగు వంతులు, నాలుగూ వెల్లకిలా పడే చెమ్మ ఒక వంతు, నాలుగూ బోర్లా పడే అష్ట ఒక వంతు. నిజమైన గవ్వకు పొట్టా వీపూ ఒక్క తీరుగా ఉండవు కనుక లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది. ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు వాడినా అంతే. అయినా అష్టాచెమ్మలు అరుదుగా పడటం, మధ్య ఫలితాలు తరచుగా పడటం మాత్రం మారదు. తరచుగా పడే ఫలితమే ఆట స్వభావాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి, రెండు పడినప్పుడు ఏం జరగాలన్నదానిపైనే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. అప్పుడు సన్నివేశం ముందుకు సాగుతుంది, కానీ బృందం ఏదో ఒకటి చెల్లించాలి: దీపంలో నూనె, ప్రేక్షకుల ఓపిక, లేదా తోటివారి నమ్మకం. ఏది చెల్లించాలో ఆటగాడే చెబుతాడు. చెమ్మ పడితే జుట్టుపోలిగాడి సన్నివేశం ఒకటి దక్కుతుంది. అష్ట పడితే గాలివాన రావచ్చు, తెర చిరగవచ్చు.

మధ్య ఫలితానికి ఇంత బరువు ఇవ్వడం నేను నేర్చుకున్నది విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతుల అపోకలిప్స్ వరల్డ్ నుంచి. 2010లో వచ్చిన ఆ ఆటలో రెండు పాచికల మొత్తం పది దాటినా, పదే పడినా కోరుకున్నది దక్కుతుంది, ఏడు నుంచి తొమ్మిది వరకు పడితే ధర చెల్లించి దక్కించుకోవాలి, అంతకు తగ్గితే కథ ఎదురు తిరుగుతుంది. పాత్రకు ఒక పాయింటు అనుకూలత ఉండి, పాచికల మొత్తానికి ఒకటి కలిపినప్పుడు ఆ మధ్య ఫలితం 36 అవకాశాల్లో 16 సార్లు వస్తుంది. పూర్తి విజయం, పూర్తి ఓటమి చెరి పదిసార్లు. గెలిచామా ఓడామా అన్న ప్రశ్నను దాటి, దీనికోసం ఏం వదులుకుంటావు అన్న ప్రశ్న బల్ల మీదికి వచ్చేది ఆ పదహారు సార్లే.

రాసింది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి మార్గం ఒకటే. కాగితం ఇతరుల చేతికిచ్చి, మనం నోరు మెదపకుండా కూర్చోవాలి, వీలైతే గదిలోనే ఉండకూడదు. ఎవరైనా “ఇక్కడ ఏం చేయాలి?” అని అడిగిన చోటు వాక్యం తిరగరాయవలసిన చోటు. రచయిత అక్కడే ఉంటే నవ్వుతూ వివరించి దాటేయవచ్చు, కానీ ఆ వివరణ పీడీఎఫ్‌తో పాటు ప్రయాణం చేయదు. ఆటగాళ్ల మనసు నొచ్చే సందర్భాలకూ ఇది వర్తిస్తుంది. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రతిపాదించిన ఎక్స్ కార్డును నేను నియమాల మొదటి పేజీలోనే పెడతాను. బల్ల మధ్యలో ఉన్న ఆ చీటీని ఎవరు తాకినా, కారణం అడగకుండా ఆ విషయాన్ని వదిలి ముందుకు సాగాలి. కులం, అప్పు, కుటుంబ కలహం వంటివి సహజంగా వచ్చిపడే మన కథల్లో ఇది లేకుండా ఆటను అపరిచితుల చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

అచ్చు విషయం తేలికే. ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, నాలుగు కాగితాలైతే పదహారు. మధ్యలో రెండు పిన్నులు కొట్టించి జిరాక్సు షాపులోనే పుస్తకం చేసుకోవచ్చు. విదేశాల్లో ఇలాంటి చిన్న పుస్తకాలను జీన్‌లు (zines) అంటారు. నిధులు సేకరించుకునే సైటు కిక్‌స్టార్టర్ 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన జీన్ క్వెస్ట్ కార్యక్రమం తర్వాత వీటికి మంచి ఆదరణ దొరికింది. ఇంటర్నెట్‌లో పంచడానికి ఇచ్.ఐఓ (itch.io) అనే సైటు నాకు నచ్చిన చోటు. ధర పెట్టకుండా, ఇష్టమైనవారు ఇష్టమైనంత ఇచ్చేలా వదిలే వీలుంది, అమ్మకంలో సైటుకు ఎంత వాటా వెళ్లాలో కూడా తయారుచేసినవారే నిర్ణయించుకుంటారు.

అనుమతుల విషయం మాత్రం తొందరపడి దాటవేయకూడదు. ఆట నియమమనే ఆలోచన మీద కాపీరైటు ఉండదు, ఆ నియమాన్ని చెప్పిన మాటల మీద, బొమ్మల మీద ఉంటుంది. కాబట్టి రచయిత అనుమతి రాతపూర్వకంగా ఇవ్వకపోతే, మంచి మనసున్నవారే ఎక్కువగా వెనుకాడతారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలను ఇతరులు వాడుకోనిచ్చేలా 2000లో వచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్సు మీద ఎందరో చిన్న ప్రచురణకర్తలు తమ ఆటలు నిర్మించుకున్నారు. 2023 జనవరిలో ఆ ఆట ప్రచురణ సంస్థ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆ లైసెన్సును మార్చబోతోందని తెలిసి పెద్ద ఎత్తున నిరసన వచ్చాక, ఆ సంస్థ అదే నెల 27న తన ప్రాథమిక నియమావళిని క్రియేటివ్ కామన్స్ అనే బహిరంగ లైసెన్సు కింద విడుదల చేసింది. యజమాని మనసు మారినా వెనక్కి తీసుకోలేని అనుమతి ఎంత అవసరమో ఆ నెలలో అందరికీ తెలిసివచ్చింది. దీనికి చాలా ముందే, 1999లో, జో డెవర్ తన లోన్ వుల్ఫ్ గేమ్‌బుక్కులను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందించడానికి ప్రాజెక్ట్ ఏయాన్ స్వచ్ఛంద కార్యకర్తలకు అనుమతి ఇచ్చాడు. అచ్చులో దొరకని పుస్తకాలు ఆ ఔదార్యం వల్ల కొత్త తరానికి చేరాయి. నాకు ఈ రంగంలో అత్యంత గౌరవం కలిగించిన నిర్ణయం అది.

తోలుబొమ్మలాట ఆటను నేను క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ 4.0 కింద విడుదల చేస్తున్నాను. పీడీఎఫ్‌తో పాటు మామూలు టెక్స్టు ఫైలు కూడా ఉంచుతున్నాను, ఎందుకంటే పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు తెలుగు ఒత్తులు తరచుగా చెదిరిపోతాయి, మార్చుకోవాలనుకునేవారికి అది పెద్ద అడ్డంకి. పేరు పేర్కొంటే చాలు, దాన్ని బుర్రకథ బృందానికి మార్చుకోవచ్చు, వీధినాటకానికి అన్వయించుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు. గవ్వలు దొరకని చోట నాలుగు నాణేలు వేసి బొమ్మలు లెక్కపెట్టినా ఆట నడుస్తుంది. సన్నివేశాల పట్టికలో చివరి నాలుగు గళ్లు ఖాళీగా వదిలాను. వాటిలో ఆడేవారు తమ ఊరి సంగతులు రాసుకోవాలి.