చిప్స్ బండి నడిపిన క్వార్టర్‌బ్యాక్

టొరంటో వచ్చిన కొత్తలో ఫుట్‌బాల్ అంటే నాకు కాలితో తన్నేదే. 2017 నవంబరులో ఒక ఫ్రెండ్ ఇంట్లో గ్రే కప్ ఫైనల్ చూశాను, అంటే చేత్తో బంతి విసిరి ఆడే కెనడా ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. ఒట్టావాలో ఒకటే మంచు, గ్రౌండ్ మీద గీతలే కనబడటం లేదు. అందులో టొరంటో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు), 38 ఏళ్ల రికీ రే బంతి విసిరితే, అదే జట్టు డెవియర్ పోసీ పట్టుకుని పరుగెత్తాడు. మొత్తం 100 గజాల టచ్‌డౌన్, అంటే బంతిని అవతలి చివర గీత దాటించడం! చేతిలో సమోసా అలాగే ఉండిపోయింది. చివరికి టొరంటో 27-24తో కాల్గరీని ఓడించింది.

ఆ రాత్రే రికీ రే గురించి వెతికాను. కాలేజీ అయ్యాక అమెరికా లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోలేదట. కాలిఫోర్నియాలో షాపులకు చిప్స్ వేసే బండి నడిపాడు. 2002లో కెనడా లీగ్‌లోని ఎడ్మంటన్ జట్టులో చేరి, మొదటి సీజన్‌లోనే జట్టును ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఓడారనుకోండి. 2003లో కప్పు కొట్టాడు. 2004లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూయార్క్ జెట్స్‌కి వెళ్లి, మరుసటి ఏడాదే వెనక్కొచ్చి ఇంకో కప్పు.

అలాంటివాణ్ణి 2011 చివర్లో ఎడ్మంటన్ టొరంటోకి ఇచ్చేసింది. నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. 2012లో టొరంటో కప్పు గెలిచింది మరి!

కెనడా ఆటలో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లడానికి మూడే ఛాన్సులు, అమెరికాలోలా నాలుగు కాదు. అంత టెన్షన్‌లోనూ అతని మొహం బ్యాంకు క్యూలో నిలబడ్డవాడిలా ఉండేది.

2018లో మెడకు దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద వెళ్లాడు. మళ్లీ ఆడలేదు.