బరంపురం పెట్టెల్లోని పెళ్లికూతుళ్లు

ఇచ్ఛాపురం దాటగానే రైలు ఒడిశాలో అడుగుపెడుతుంది, కాసేపటికే బరంపురం వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యే దాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆనాటి తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడిపోయాయి. ఆ ఇళ్లలో భద్రంగా ఉన్న పాత పెళ్లి ఫొటోలు చూడాలనే నేను వెళ్లాను.

పట్టు నేసే ఒక ఇంట్లో పెద్దావిడ తన అత్తగారి ఫొటో తీసి చూపించారు. మందపాటి అట్టకు అంటించిన ఆ ఫొటోలో పెళ్లికూతురు కాస్త పక్కకు తిరిగి నిలబడింది. పూలజడ అంతా కనబడేలా వెనుక నిలువుటద్దం పెట్టారు. నుదుటి కుంకుమ బొట్టు మాత్రం కాటుకంత నల్లగా పడింది. ఫిల్మ్‌కు బదులు కెమెరాల్లో వాడిన ఆ కాలపు గాజు ప్లేట్లు ఎరుపును దాదాపుగా పట్టుకోలేకపోయేవి కనుక, ఎర్ర అంచులూ కుంకుమా నలుపుగానే వచ్చేవి. ముఖం తెల్లగా కనిపించేందుకు నెగటివ్ మీదే పెన్సిల్‌తో దిద్దేవారు. అంటే మనం చూసేది ఆ పిల్ల రంగు కాదు, పెళ్లికూతురు ఎలా ఉండాలని పెద్దలు కోరుకున్నారో ఆ రంగు.

అమ్మాయి ఎడమచేతిలో ఒక పుస్తకం ఉంది. చదువుకున్నారా అని అడిగాను.

"లేదమ్మా, అది స్టూడియో వాళ్లది. మా అత్తగారికి సంతకం కూడా రాదు. తెల్లారకముందే లేచి మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టేవారు."

పెళ్లికూతురి చేతికి పుస్తకమిచ్చి నిలబెట్టడంలో, చదువుకున్న కోడలు ఇంటికి గౌరవమన్న కొత్త ఆశ నాకు కనిపించింది. ఆ ఆశ మాత్రం ఆమెకు చదువు చెప్పించేంత దూరం వెళ్లలేదు. నన్ను ఎక్కువగా బాధించింది ఫొటో వెనుక ఉన్న రాత: మామగారి పేరు, పెళ్లికొడుకు పేరు, ఊరు. ఆమె పేరు లేదు.

ఆమె కట్టుకున్న పట్టుచీర ఆ ఇంటి మగ్గం మీదే నేశారట. దానికి కండెలు చుట్టింది ఆమె అత్తగారు. తరువాత ఆ పని కోడలి చేతికి వచ్చింది, ఆమె నుంచి ఈ పెద్దావిడకు. మూడు తరాల ఆడవాళ్ల శ్రమ ఆ ఇంటి సంపాదనకు ఆధారం. అయినా ఆ ఇంట్లోని ఫొటోలలో ఎక్కడా ఒక్క కండె కూడా లేదు.