ఈసీజీ చదవడం తరవాత, ముందు తీయడం

గుండె పరిశోధన కేంద్రంలో కొత్తగా చేరిన టెక్నీషియన్లకు ఈసీజీ చదివెయ్యాలని తొందర. తీయడం రాకుండా చదివి లాభం లేదు. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) లాంటి హబ్‌లో, అంటే దూరపు ఆసుపత్రుల ఈసీజీలు వచ్చి చేరే చోట, కూర్చున్న కార్డియాలజిస్టుకు దూరపు ఆసుపత్రిలోని రోగి కనపడడు, గీత ఒక్కటే కనపడుతుంది. పరిశోధనలో ఇంకో చిక్కు: ఆరు నెలలకు అదే మనిషికి మళ్లీ తీస్తే, తేడా గుండెలో వచ్చిందో ఎలక్ట్రోడ్ (గుండె విద్యుత్తును పట్టేందుకు ఒంటికి పెట్టే బిళ్ల) జరిగి వచ్చిందో తేలదు.

అందుకే ముందు ఎముకలు లెక్కపెట్టిస్తాం. మెడ కింద గుంటలో వేలు పెట్టి రొమ్ము ఎముక మీదుగా కిందికి జారిస్తే, నాలుగైదు సెంటీమీటర్లలో అడ్డంగా ఓ గట్టు తగులుతుంది. దాని పక్కది రెండో పక్కటెముక, దాని కింద, పక్కటెముకల మధ్య ఖాళీ రెండో సందు. ఇంకో రెండు దిగితే నాలుగో సందు. అక్కడ రొమ్ము ఎముక కుడి అంచున వీ1 (ఛాతీ మీది ఆరు ఎలక్ట్రోడ్లకు వీ1 నుంచి వీ6 దాకా పేర్లు), ఎడమ అంచున వీ2. వెంటనే వీ3 పెట్టకూడదు. ముందు వీ4: ఐదో సందులో, కాలర్ ఎముక నడిమి నుంచి దిగే గీత మీద. వీ2, వీ4ల మధ్య వీ3. వీ4 ఎత్తులోనే అడ్డంగా పోయి చంక ముందు గీత మీద వీ5, చంక నడిమి గీత మీద వీ6. చాలామంది పక్కటెముక వంపు వెంట పోయి వీ6ను పైకెక్కిస్తారు.

అంతకన్నా ఎక్కువ జరిగే తప్పు వీ1, వీ2లను రెండో సందులో అతికించడం. అలా చేస్తే లేని పాత హార్ట్ ఎటాక్ కాగితం మీద కనపడొచ్చు. వీ2లో కూడా పీ తరంగం (ప్రతి గుండె చప్పుడుకూ గీతలో ముందొచ్చే చిన్న గుట్ట) తలకిందులైతే ముందు ఎలక్ట్రోడ్లనే అనుమానించాలి. ఆడవాళ్లకు వీ4 రొమ్ము కిందికి వస్తుంది. తెర వేసి, చెప్పి, పైట కప్పుకోనిస్తే పని తేలిక. మొహమాటపడి పైపైన అతికిస్తే ఈసీజీ పాడు.

చేతులు కాళ్ల వైర్లు: ఎరుపు కుడి చేయి, పసుపు ఎడమ చేయి, ఆకుపచ్చ ఎడమ కాలు, నలుపు కుడి కాలు. లీడ్ అంటే గుండెను ఒక్కో దిక్కు నుంచి చూపే గీత. ఒకటో లీడ్ తలకిందులై, ఏవీఆర్ (కుడి చేయి వైపు నుంచి చూసే లీడ్) నిటారుగా ఉంటే చేతుల వైర్లు మారాయి. రెండో లీడ్ దాదాపు చదునైతే కుడి చేయి, కుడి కాలు మారాయి. పసుపు, ఆకుపచ్చ మారితే పట్టుకోవడం కష్టం. రెండో లీడ్‌లో కన్నా ఒకటో లీడ్‌లో పీ పెద్దగా ఉంటే ఓసారి వైర్లు చూడాలి.

మే నెల బెజవాడలో చెమట వేరే పేచీ. పొడిగుడ్డతో తుడవకపోతే అతుకు నిలవదు. బల్బు ఎలక్ట్రోడ్ల (రబ్బరు బల్బు నొక్కి ఛాతీకి పట్టించేవి) కింద జెల్ బారుగా పూస్తే వీ లీడ్లన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒకేలా వస్తాయి. చెమట ఆరాలని ఏసీ ఎదురుగా పడుకోబెడితే వణుకు గీతలోకి ఎక్కుతుంది.

గీత నున్నగా రావాలని 40 హెర్ట్జ్ ఫిల్టర్ (అంతకన్నా వేగమైన కంపనాలను కోసేసేది) నొక్కడం శిక్షణలో మాన్పించాల్సిన అలవాటు. ఆర్ (గీతలో నిటారుగా లేచే కొన) ఎత్తు తగ్గుతుంది, చిన్న గంట్లు మాయమవుతాయి. 150 హెర్ట్జ్ ఉంచి, వణుకుకు కారణం వెతకాలి. వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు, ఒక మిల్లీవోల్ట్‌కు 10 మిల్లీమీటర్లు; క్యాలిబ్రేషన్ గుర్తు (ఒక మిల్లీవోల్ట్‌కు యంత్రం గీసే కొలత గుర్తు) పది చిన్న గడుల ఎత్తు లేకుంటే ఆ కాగితం పక్కన పెట్టాలి.

ఎదుగుదల కొలవడానికి మేం నమ్మేది ఒక్కటే. శిక్షకుడు సరైన చోట్లను ముందే కొలిచి రాసుకుంటాడు, నేర్చుకునేవాళ్లు అదే మనిషికి పెడతారు, టేపుతో దూరం చూస్తాం. రెండు సెంటీమీటర్లు తప్పితే మళ్లీ మెడ కింద గుంట నుంచి మొదలు.