ఓసీపీ జావా 17 పాసయ్యాను: క్లాస్ లోడింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లకి

ఓసీపీ అంటే ఒరాకిల్ ఇచ్చే జావా ప్రోగ్రామర్ సర్టిఫికెట్ పరీక్ష. రిజల్ట్ వచ్చేసింది, పాసయ్యాను! సిలబస్, పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా ప్రిపరేషన్ మలుపు తిరిగిన చోటు ఒక్కటే చెప్తాను.

ప్రోగ్రామ్ ఇచ్చి ఏం ప్రింట్ అవుతుందో అడిగే అవుట్‌పుట్ ప్రశ్నల్లో స్టాటిక్ (ఆబ్జెక్ట్‌కి కాక క్లాసుకే చెందేది) కనిపిస్తే నాకు టెన్షన్ ఉండేది. ఒకరోజు చిన్న ప్రోగ్రామ్ రాశాను. కౌంటర్ క్లాసులో మొదటి లైన్ ఒక స్టాటిక్ కౌంటర్ ఆబ్జెక్ట్. దాని కింద స్టాటిక్ ఇంట్ ఎన్ = 5. ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌లో ఎన్++, అంటే ఎన్‌కి ఒకటి కలపడం. రన్ చేసి ఎన్ ప్రింట్ చేస్తే 6 రాలేదు, 5 వచ్చింది. ఎందుకో తేలేదాకా లేవలేదు. క్లాస్ లోడయ్యాక, అంటే మెమరీలోకి వచ్చాక, దాన్ని వాడకానికి సిద్ధం చేసే లింకింగ్‌లో ప్రిపరేషన్ అనే దశ ఉంది. అక్కడ ఎన్‌కి దక్కేది సున్నా మాత్రమే. మనం రాసిన విలువలు ఇచ్చే ఇనిషియలైజేషన్ ఆ తర్వాత, పైనుంచి కిందికి జరుగుతుంది. ముందు ఆబ్జెక్ట్ తయారై ఎన్ 1 అవుతుంది, తర్వాతి లైన్ దాన్ని 5తో తుడిచేస్తుంది. రెండు లైన్లూ అటూఇటూ మార్చండి, 6 వస్తుంది.

అంటే లోడ్ అవడం వేరు, ఇనిషియలైజ్ అవడం వేరు. ఇది పట్టుబడ్డాక మిగతావి వాటంతటవే విడిపోయాయి. చైల్డ్ క్లాస్ పేరుతో పేరెంట్ క్లాస్ స్టాటిక్ ఫీల్డ్ చదివితే పేరెంట్ స్టాటిక్ బ్లాక్ (ఇనిషియలైజేషన్‌లో నడిచే కోడ్) మాత్రమే నడుస్తుంది. స్టాటిక్ ఫైనల్ ఇంట్‌కి నేరుగా 10 ఇస్తే దాన్ని చదివినందుకు ఏ బ్లాకూ నడవదు. అదే ఇంట్ బదులు ఇంటీజర్ (ఆబ్జెక్ట్ రకం) అయితే నడుస్తుంది.

ఇంటర్వ్యూలకైతే క్లాసుల్ని మెమరీలోకి తెచ్చే లోడర్ల వరుస కూడా చూసుకోండి: అప్లికేషన్ లోడర్ ముందు తన పై లోడర్‌ని (పేరెంట్‌ని) అడుగుతుంది, అది దాని పైదాన్ని, చివరికి అన్నిటికన్నా పైనున్న బూట్‌స్ట్రాప్ లోడర్. పాత నోట్సులో ఇంకా ఎక్స్‌టెన్షన్ లోడర్ అనే ఉంటుంది. జావా 9 నుంచి దాని స్థానంలో ప్లాట్‌ఫామ్ లోడర్ వచ్చింది. స్ట్రింగ్ క్లాసుని ఏ లోడర్ తెచ్చిందని ప్రోగ్రామ్‌లో అడిగితే నల్ (ఏమీ లేదు) అని వస్తుంది, కంగారు పడకండి: అది బూట్‌స్ట్రాప్ తెచ్చిందని అర్థం.

డంప్స్ (బయటికి వచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పడితే చాలని నాకు చాలామంది చెప్పారు. నేను వినలేదు, నా స్పీడ్ తక్కువన్నా పట్టించుకోలేదు. జవాబు ఊహించి కాగితం మీద రాసి, అప్పుడే రన్ చేసేదాన్ని. రోజూ అదే పని, పండగ రోజు కూడా. కష్టపడకుండా వచ్చిన సర్టిఫికెట్ ఉద్యోగంలో మొదటి వారమే బయటపడిపోతుంది.

మీరు ఈ రాత్రే కౌంటర్ ప్రోగ్రామ్ రాసి, జావా కమాండ్‌కి ఎక్స్‌లాగ్ ఆప్షన్‌లో క్లాస్+ఇనిట్ (-Xlog:class+init) పెట్టి రన్ చేయండి. ఏ క్లాస్ ఎప్పుడు ఇనిషియలైజ్ అవుతోందో వరుసగా తెర మీదే కనిపిస్తుంది.